పాటీ ట్రైనింగ్ సామాను: ఏది కొనాలి, ఏది దండగ

కుక్కపిల్ల ఇంటికి రాకముందే ఆన్‌లైన్ కార్టు నిండిపోతుంది. ఉచ్చ పీల్చే ప్యాడ్లు వంద, వాటికో ఫ్రేమ్, ప్లాస్టిక్ గడ్డి ట్రే, 'ఇక్కడే పొయ్యి' అనే స్ప్రే, 'ఇక్కడ పొయ్యొద్దు' అనే ఇంకో స్ప్రే, బయటికి వెళ్ళాలంటే కుక్క ముక్కుతో కొట్టేలా తలుపుకి కట్టే గంటలు, పడుకోవడానికి ఇనుప బోను లాంటి క్రేట్. ఇందులో కళ్ళు మూసుకుని కొనదగ్గది ఒక్కటే, అది ఈ జాబితాలోనే లేదు: ఎంజైమ్ క్లీనర్, అంటే ఉచ్చ మరకలో వాసన తెచ్చే పదార్థాన్నే విరగ్గొట్టే ద్రవం. ప్యాడ్లు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకి కావాలి, అదీ రెండు మూడు నెలలే. క్రేట్ సైజు కుదిరితే బాగా పనికొస్తుంది, కుదరకపోతే అదే కొత్త మరుగుదొడ్డి అవుతుంది. గడ్డి ట్రే బాల్కనీకి నీళ్ళ పైపు ఉన్నవాళ్ళకి. స్ప్రేలు రెండూ దండగ.

అసలు ఇంట్లో పోయించడం ఎందుకంటే వ్యాక్సిన్ల వల్ల. మన దగ్గర మొదటి ఇంజెక్షన్ సుమారు 45 రోజులకి పడుతుంది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాల వయసు దాకా నడుస్తాయి. అవి పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద పిల్లని దింపకూడదు, ఎందుకంటే కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. సెల్లార్‌లోనో, పార్కు గోడ పక్కనో ఏ కుక్క దొడ్డికి వెళ్ళిందో మనకి తెలియదు. సొంత పెరడు ఉండి, ఏడాదిగా అక్కడ వేరే కుక్క తిరగకపోతే ప్యాడ్ల జోలికే పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచీ మట్టి మీదకే తీసుకెళ్ళండి. మూడో అంతస్తులో ఉన్నవాళ్ళకి ఆ సౌకర్యం లేదు.

ప్యాడ్లలో తేడా లోపలి సరుకుది. పైన పల్చటి గుడ్డలాంటి పొర, కింద చెక్క గుజ్జు, దాంట్లో కలిపిన జెల్ పొడి, అడుగున ప్లాస్టిక్. డైపర్ తయారీయే ఇది. జెల్ పొడి తగ్గించి గుజ్జు నింపితే చూడటానికి లావుగా ఉంటుంది కానీ ఉచ్చ పక్కలకి పాకుతుంది, పిల్ల పాదాలు తడిసి ఇల్లంతా ముద్రలు పడతాయి. ప్యాకెట్ తెరవగానే ఒకటి తీసి పరీక్ష చేయండి. 100 మి.లీ. గోరువెచ్చని నీళ్ళలో సుమారు ఒక గ్రాము, అంటే పెద్ద చిటికెడు ఉప్పు కలిపి ప్యాడ్ మధ్యలో నెమ్మదిగా పోయండి. రెండు నిమిషాలాగి మడిచిన టిష్యూ పెట్టి అరచేత్తో నొక్కండి. టిష్యూ తడిసి ముద్దయితే ఆ రకం ఇంకోసారి కొనొద్దు. ఉప్పు ఎందుకంటే, ఈ జెల్ మంచినీళ్ళని పీల్చినంతగా ఉప్పునీళ్ళని పీల్చదు, మూత్రం ఉప్పగానే ఉంటుంది కదా. మంచినీళ్ళు పోసి చూస్తే నాసిరకం ప్యాడ్ కూడా పాసైపోతుంది.

అలాగని పీల్చే శక్తి కోసం మరీ ఖరీదైనది కూడా అక్కర్లేదు. పెద్ద కుక్కయితే రోజుకి కిలో బరువుకి 20 నుంచి 40 మి.లీ. దాకా పోస్తుంది, పిల్లలు ఇంకొంచెం ఎక్కువ. మూడు కిలోల పిల్ల రోజంతా కలిపి ఒకటిన్నర టీ గ్లాసు పోస్తుందనుకుంటే, అదీ పది పన్నెండు సార్లుగా, ఒక్కోసారి పడేది రెండు మూడు చెంచాలే. ముఖ్యం సైజు. పోసే ముందు పిల్ల గుండ్రంగా తిరుగుతుంది, ముక్కు ప్యాడ్ మీద ఉంటే తాను ప్యాడ్ మీదే ఉన్నాననుకుంటుంది. ముందు కాళ్ళు ప్యాడ్ మీద, పని మాత్రం ప్యాడ్ బయట. షిట్జు, పగ్, పామెరేనియన్ పిల్లలకి 45×60 సెం.మీ. చాలు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్‌లకి మొదటి నుంచీ 60×90 తీసుకోండి. నాలుగు నెలలకి ల్యాబ్ పిల్ల 15 కిలోలకి అటూ ఇటూ వస్తుంది, చిన్న ప్యాడ్ దానికి జేబురుమాలు.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు నేల. విట్రిఫైడ్ టైల్స్ మీద ప్యాడ్ జారుతుంది, సీలింగ్ ఫ్యాన్ స్పీడుకి మూలలు లేస్తాయి, లేచిన మూల కనబడితే పిల్ల కొరక్కుండా ఉండదు. నాలుగు మూలలా అంటించుకునే స్టిక్కర్ ఉన్న రకం చూడండి, లేదా పైన జాలీ మూత ఉన్న ఫ్రేమ్ కొనండి. ఫ్రేమ్ అందరికీ అక్కర్లేదు, ప్యాడ్ చింపే అలవాటున్న పిల్లకి మాత్రం తప్పనిసరి. జెల్ పొడి విషం కాకపోయినా కడుపులో ఉబ్బి, ప్లాస్టిక్‌తో కలిసి పేగుకి అడ్డం పడొచ్చు. ప్యాడ్‌లో పెద్ద ముక్క కనబడకుండా పోయి, పిల్ల వాంతులు చేసుకుంటూ తిండి మానేస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

ప్యాడ్ల అసలు లోపం ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. పిల్ల నేర్చుకునేది 'ప్యాడ్' కాదు, 'కాళ్ళ కింద మెత్తగా తగిలేది'. ఏడెనిమిది వారాల వయసులో ఏ నేల మీద పోయాలన్న ఇష్టం గట్టిపడుతుంది. ప్యాడ్ మీద అలవాటైన పిల్లకి గుమ్మం ముందు పట్టా, బాత్రూమ్ మ్యాట్, నేల మీద పరిచిన బొంత, సోఫా మీంచి జారిన దుప్పటి అన్నీ ప్యాడ్లే. ట్రైనింగ్ జరిగే రెండు నెలలూ నేల మీద మెత్తనిదేదీ ఉంచకండి. వాడి ఉతుక్కునే గుడ్డ ప్యాడ్లలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ, అవి అచ్చం బొంతలాగే ఉంటాయి. ఖర్చు తగ్గుతుందని అవే కొంటే ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకుండా ఉతకండి. అది గుడ్డ మీద పొరలా పట్టి నీళ్ళు పీల్చనివ్వదు.

న్యూస్‌పేపర్ సంగతి: ఆరేడు షీట్లు వేసి అడుగున పాలిథీన్ పరిస్తే పని నడుస్తుంది, డబ్బు మిగులుతుంది. తడి మాత్రం పైనే ఉంటుంది, పోసిన ప్రతిసారీ తీసేయాలి. పైగా తాతగారు వాలుకుర్చీ పక్కన కింద పెట్టిన ఆ రోజు పేపరు కూడా చట్టరీత్యా చెల్లుబాటయ్యే చోటే అవుతుంది.

ఏ సరుకు కొన్నా దాన్ని నడిపించేది గడియారం. పిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, అది ఆపుకోగలిగే గంటల పై హద్దు. రెండు నెలల పిల్లకి మూడు గంటలన్నమాట, అదీ పడుకుని ఉంటే. మెలకువగా తిరుగుతున్నప్పుడు గంటకి, గంటన్నరకి ఒకసారి తీసుకెళ్ళాలి. ఇవి కాక నిద్ర లేచిన క్షణం, తిన్నాక పది ఇరవై నిమిషాలకి, ఆట మధ్యలో ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ పక్కకి వెళ్ళినప్పుడు. రాత్రి ఒకటి రెండు సార్లు మీరు లేవాల్సిందే. ప్యాడ్ దగ్గరికి ఎత్తుకుని కాదు, నడిపించుకుని వెళ్ళండి, దారి తెలియాలి. పోస్తుండగా నెమ్మదిగా ఒకే మాట అనండి, 'పోసెయ్' అన్నా సరే, ఇంట్లో అందరూ అదే అనాలి. అయిపోగానే ఒకటి రెండు సెకన్లలో అక్కడే చిన్న చికెన్ ముక్క. వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి ఇస్తే, పిల్ల లెక్కలో ఆ ముక్క వంటింటి దాకా మీ వెంట వచ్చినందుకు.

తప్పు చోట పోస్తుంటే చప్పట్లు కొట్టి ఆపి ప్యాడ్ దగ్గరికి తీసుకెళ్ళండి. పోయడం అయిపోయాక చూస్తే తుడిచేసి ఊరుకోండి. ఆ తడిలో ముక్కు రాయడం, కొట్టడం చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల పిల్లకి అర్థమయ్యేది 'వీళ్ళ ముందు పోస్తే ప్రమాదం' అని. అప్పట్నుంచి సోఫా వెనకాల పోస్తుంది, రేపు బయట నడకకి తీసుకెళ్ళినా మీ ఎదుట పోయదు.

తిండి కూడా ఈ లెక్కలోదే. పల్చగా కలిపిన పెరుగన్నం, చికెన్ నీళ్ళు పోసిన అన్నం పెట్టే ఇళ్ళలో పిల్ల పొడి ఫుడ్ తినేదానికంటే ఎక్కువ సార్లు పోస్తుంది, నీళ్ళు తిండిలోనే వెళ్తున్నాయి మరి. పాలు చాలా పిల్లలకి విరేచనాలు తెస్తాయి, విరేచనాలవుతున్న పిల్లకి ట్రైనింగ్ అనేదే ఉండదు. రోజుకి మూడు నాలుగు సార్లు వేళకి పెట్టి, పావుగంట తర్వాత గిన్నె తీసేస్తే దొడ్డికి వెళ్ళే వేళ కూడా కుదురుతుంది. నీళ్ళు మాత్రం పగలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, మన ఎండల్లో నీళ్ళు కట్టడి చేసి ఉచ్చ తగ్గించాలనుకోవడం ప్రాణం మీదకి తెస్తుంది.

ఇక ఎంజైమ్ క్లీనర్. మొత్తం బడ్జెట్‌లో సగం దీనికే పెట్టినా తప్పులేదు, ఎందుకంటే కుక్క ఒకసారి పోసిన చోటికి మళ్ళీ వచ్చేది వాసన పట్టుకునే. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకి ఫినాయిల్ వాసన, దాని ముక్కుకి ఫినాయిల్ కింద ఉచ్చ వాసన. పైగా తుడిచిన నేల మీద నడిచి కాళ్ళు నాకే జంతువుకి ఫినాయిల్ మంచిది కాదు. బ్లీచింగ్ ఇంకా అన్యాయం: మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే గ్యాస్ పుడుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడితే మనమే అక్కడ ఉచ్చ వాసన లాంటిది రాసినట్టు. వెనిగర్ వాసన తగ్గిస్తుంది కానీ మార్బుల్ మీద పడితే పాలిష్ పోయి తెల్లటి మచ్చ శాశ్వతంగా మిగులుతుంది.

సీసా మీద 'ఎంజైమ్' గానీ 'బ్యాక్టీరియా' గానీ అని ఉందా, ఎక్స్‌పైరీ తేదీ ఉందా చూడండి. 'పెట్ ఓడర్ రిమూవర్' అని మాత్రమే రాసి లావెండర్ వాసన గుప్పున కొట్టేవాటిలో చాలావరకు ఉట్టి సెంటు నీళ్ళే. అసలైనది కొన్నవాళ్ళు కూడా 'పనిచేయలేదు' అని ఒక స్టార్ ఇస్తుంటారు. వాడిన తీరు చదివితే సీసా తప్పు కాదని తెలుస్తుంది: స్ప్రే చేసి వెంటనే తుడిచేస్తారు. ఎంజైమ్‌కి తడి, సమయం రెండూ కావాలి. ముందు పాత గుడ్డ వేసి ఒత్తి పీల్చండి, రుద్ది వెడల్పు చేయొద్దు. మామూలు నీళ్ళతో ఒకసారి తుడవండి. మరక ఎంతుందో దానికి చుట్టూ అరచెయ్యంత ఎక్కువగా క్లీనర్ పోసి 10 నుంచి 15 నిమిషాలు తడిగా ఉంచండి. ఫ్యాన్ కింద అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి పైన తడి గుడ్డ కప్పండి. పాత మరకైతే రాత్రంతా. దానికి ముందు గానీ వెంటనే తర్వాత గానీ ఫినాయిల్, డెటాల్ లాంటివి తగలకూడదు, పనిచేసే బ్యాక్టీరియానే చంపేస్తాయి. మరిగే నీళ్ళూ అంతే.

టైల్స్ ఇంట్లో వాసన దాగేది టైల్ మీద కాదు, రెండు టైల్స్ మధ్య గీతలో, గోడ అంచు పట్టీ కింద. ఆ గీతల్లో పాత టూత్‌బ్రష్‌తో క్లీనర్ దించండి. అమెరికాలో కార్పెట్ ఇళ్ళలో ఉండే మనవాళ్ళకి పని ఇంకా పెద్దది, కార్పెట్ పైన కనిపించే మరక కంటే అడుగున ఉన్న ప్యాడింగ్‌లో పాకింది వెడల్పుగా ఉంటుంది. పైపైన స్ప్రే చేస్తే చాలదు, అడుగుదాకా తడవాలి. ఏ మూల పోసిందో తెలియకపోతే లైట్లన్నీ ఆపి అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి, మూత్రం మరక లేత పసుపుపచ్చగా మెరుస్తుంది. సర్ఫ్ మిగిలిన చోటు కూడా మెరుస్తుంది, కాబట్టి ముక్కు పెట్టి ఖాయం చేసుకోక తప్పదు. మర్యాదకి ఇది ఒంటరిగా ఉన్నప్పుడు చేయవలసిన పని.

'ఇక్కడే పొయ్యి' స్ప్రే చేసే పని ఉచితంగా అయ్యే మార్గం: పిల్ల తడిపిన ప్యాడ్‌లోంచి అరచెయ్యంత ముక్క కత్తిరించి కొత్త ప్యాడ్ కింద పెట్టడం. దాని సొంత వాసన కంటే గట్టి పిలుపు ఏ సీసాలోనూ లేదు. 'ఇక్కడ పొయ్యొద్దు' స్ప్రేల్లో ఉండేవి ఎక్కువగా ఘాటైన నూనెలు, నాలుగు రోజుల్లో కుక్క అలవాటు పడిపోతుంది, మనం పడం.

తలుపుకి కట్టే గంటలు కింది ఇంట్లో, తలుపు తీస్తే పెరడు ఉన్నవాళ్ళకి బాగుంటాయి. లిఫ్ట్ కోసం నిలబడాల్సిన ఇంట్లో కుక్క గంట కొట్టాక మిగిలే సమయం చాలదు.

గడ్డి ట్రేలో మూడు భాగాలుంటాయి: పైన ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో చిల్లుల పలక, కింద ఉచ్చ దిగే తొట్టి. కాళ్ళ కింద తగిలేది గరుకుగా ఉంటుంది కాబట్టి పట్టాలతో గందరగోళం ఉండదు, తర్వాత బయట గడ్డికి మారడం తేలిక. చాకిరీ మాత్రం ప్యాడ్ కంటే ఎక్కువ. తొట్టి రోజూ ఒంచాలి, గడ్డి మీద రోజూ నీళ్ళు కుమ్మరించాలి, వారానికోసారి ఎంజైమ్ నీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరేయాలి. రెండో గడ్డి మ్యాట్ విడిగా దొరికే మోడల్ అయితేనే కొనండి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి కావాలి. విరేచనాల రోజు దాని వైపు పిల్లని పోనివ్వొద్దు, ఆ పోచల్లోంచి తీయడం ఎవరివల్లా కాదు. కాలెత్తే వయసుకి వచ్చిన మగకుక్క ట్రే వదిలేసి గోడ తడుపుతుంది, నిలువు కర్ర ఉన్న మోడల్ అప్పుడు పనికొస్తుంది. బాల్కనీ నీళ్ళు ఎక్కడికి పోతాయో ముందే చూసుకోండి. కింది ఫ్లాట్ వాళ్ళు ఆరేసిన బట్టల మీద చుక్క పడితే ఆ గొడవ అసోసియేషన్ మీటింగు దాకా వెళ్తుంది.

ప్లాస్టిక్ గడ్డి కంటే మంచిది, చౌకైనది ఇంకోటి ఉంది. నర్సరీలో చదరపు అడుగుల లెక్కన అమ్మే లాన్ గడ్డి ముక్క, వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో రెండంగుళాల మట్టి మీద పరచడం. పురుగుమందు కొట్టారేమో అడిగి, నీళ్ళతో బాగా కడిగి వాడండి. రెండు మూడు వారాల్లో పసుపెక్కి పోతుంది, మార్చాలి.

క్రేట్ పనిచేసేది కుక్క తను పడుకునే చోట పోయడానికి ఇష్టపడదు కాబట్టి. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకునేంత ఉంటే చాలు. ఎదిగాక సరిపోతుందని 42 అంగుళాల క్రేట్ తెచ్చి రెండు నెలల ల్యాబ్‌ని వదిలితే ఒక మూల పడక, ఎదురు మూల దొడ్డి. మధ్యలో జరిపే అడ్డుపలక ఉన్న మోడల్ అడగండి. చిన్న జాతులకి 24, బీగిల్‌కి 30, దేశీ కుక్కలకి 36 సాధారణంగా సరిపోతాయి. పిల్లని పైన చెప్పిన గంటల హద్దు దాటి అందులో ఉంచితే అక్కడే పోస్తుంది. అలా నాలుగుసార్లు జరిగితే ఆ సహజమైన అసహ్యమే పోతుంది, క్రేట్ ఇక ఉట్టి పంజరం. షాపు బోనుల్లో వారాల తరబడి తన దొడ్డి మీదే పడుకున్న పిల్లలు ఇలాగే వస్తాయి, వాటికి క్రేట్ కాదు, గంటకోసారి బయటకి తీసుకెళ్ళే మనిషి కావాలి.

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో విఎస్‌పిసిఎ లాంటి జంతు సంరక్షణ సంస్థల నుంచి పెద్ద దేశీ కుక్కని తెచ్చుకునేవాళ్ళు ఈ సామానులో ఎంజైమ్ క్లీనర్ తప్ప ఏమీ కొనకండి. వీధిలో పెరిగినదానికి మట్టి మీద పోయడం ఎప్పుడో వచ్చు, దానికి తెలియనిది మీ తలుపులు, మీ వేళలు. మొదటి రెండు వారాలు రోజుకి నాలుగైదు నడకలు, ఇంట్లో ఉన్నంతసేపూ పొడవాటి తాడు మీ నడుముకి. కొత్త చోట భయంతో మొదటి రోజంతా బిగబట్టేవి ఉంటాయి. గంట తిప్పినా పోయకుండా ఇంట్లోకి రాగానే హాల్లో పోసే కుక్క గురించి ఎక్కువ మంది అడుగుతుంటారు. పోయగానే వెనక్కి తిప్పి తీసుకొస్తుంటే జరిగేది అదే: పోస్తే షికారు అయిపోతుందని అది కనిపెట్టేసింది. పోశాక ఇంకో పది నిమిషాలు తిప్పండి, నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది.

నెలల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంటే, రక్తం కనిపిస్తే అది ట్రైనింగ్ లోపం కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. డాక్టర్ శాంపిల్ అడుగుతారు. ఇక్కడ ప్యాడ్ ఇంకోలా పనికొస్తుంది: తిరగేసి, ప్లాస్టిక్ వైపు పైకి పెట్టి పరవండి. పొద్దున్నే మొదటిసారి పోసింది పీల్చకుండా పైన నిలుస్తుంది, సూది తీసేసిన సిరంజితో లాగి శుభ్రమైన సీసాలో పోసి రెండు గంటల్లోపు అందించండి, ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి.